ఆఖరి రీలు అడిగినామె

మొన్న మా మనవరాలు నన్ను అనంతపురంలో నెట్ సెంటరుకు తీసుకుపోయింది. దానికి పరీక్ష ఫలితాలు చూసుకునే పని. అది అయ్యాక ఇంకా కొంత టైము మిగిలిందని, "తాతా, నీకేమైనా చూడాలంటే అడుగు, ప్రపంచంలో ఉండేదంతా ఇందులో ఉంటుంది" అంది. ఆ మాటంటే నాకు ఒళ్ళు మంట. అయినా అడిగాను. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొత్తలో ఏదో తెల్లవాళ్ళ దేశంలో తీసిన నలుపు తెలుపు సినిమా ఒకటి మా పామిడి రేకుల టాకీసులో ఒకే ఒక్కసారి ఆడింది. దాని పేరుకు నాకు నోరు తిరగదు. ఎట్లాగో పలికితే, పిల్ల అటూ ఇటూ కొట్టి చూసి పట్టుకుంది.

అక్కడ సినిమా లేదు. చూసినవాళ్ళ అభిప్రాయాలు ఉన్నాయి, ఏ ఏ దేశాల వాళ్ళవో. తెలుగులో చెప్పమన్నాను. ఒకడు పదికి మూడు మార్కులు వేశాడు. ఒకడు పదికి పది వేసి "అద్భుతం" అని ఒక్క మాట రాసి వెళ్ళిపోయాడు. ఒకావిడ నీడల గురించి, వెలుతురు గురించి బారెడు రాసింది. "మరీ నిదానం, సగంలో నిద్రపోయాను" అని ఇంకొకడు. "ముగింపు మోసం, మా టైము తిన్నారు" అని మరొకడు.

నిద్రపోయినవాడు మార్కులు వేయడమేమిటి? మన పేపర్లు కూడా ఇప్పుడు ఇదే పని చేస్తున్నాయి. సినిమాకు రెండున్నర, మూడుంబావు అని వేస్తారు. తూకం రాళ్ళు పెట్టి మనుషుల కష్టసుఖాలు తూచినట్టు! "ఆ సినిమా చివర ఆయమ్మ సాక్ష్యం చెప్పిందా లేదా, ఆ సంగతి ఎవరైనా రాశారా చూడు" అన్నాను. పిల్ల కిందిదాకా చూసి, "అది తేల్చకుండా వదలడమే గొప్పతనమని రాశారు తాతా" అంది.

అప్పుడు మా బజ్జీలామె గుర్తొచ్చింది. ఆమె పోయి కొన్నేళ్ళయింది. బతికి ఆ కుర్చీలో కూర్చుని ఉంటే, మార్కులు వేసినవాళ్ళలో ఒక్కడికి కూడా ఆ పూట బజ్జీ పుట్టేది కాదు.

మా సైకిల్ షాపుకూ టాకీసు గేటుకూ నడుమ ఆమె బండి ఉండేది. పొద్దున బొరుగులతో చేసే ఉగ్గాని, బజ్జీ, సాయంత్రం ఆట విడిచే వేళకు మళ్ళీ బజ్జీ. పొట్టి మనిషి. చేతులకు ఎప్పుడూ శనగపిండి ఉంటుంది గనక నుదుటి చెమటను భుజం పైకెత్తి రవికె చేతికి తుడుచుకునేది. మిరపకాయలు చీలుస్తూ మాటలు వినేది. నచ్చని మాట వినపడితే చీల్చడం ఆపేది. ఆ చేతులు ఆగాయంటే ఎదుటివాడు తన మాట వెనక్కి తీసుకునేవాడు. ఆమె ఎక్కడ పుట్టిందో, మొగుడు ఏమయ్యాడో నేను అడగలేదు. అడిగేంత ఖాళీ ఆమె ఎవరికీ ఇవ్వలేదు. అడిగేది ఎప్పుడూ ఆమే.

కొత్త సినిమా వస్తే మ్యాట్నీకి పోయేది. నేల టికెట్టు, ఆడవాళ్ళ పక్క, ఇనుప స్తంభానికి ఆనుకుని కూర్చునేది. సాయంత్రం ఆట విడిచాక కుర్రాళ్ళు బండి చుట్టూ మూగేవాళ్ళు. ఆమె బజ్జీలు ప్లేటులో వేసి, ప్లేటు తన చేతిలోనే పట్టుకునేది.

"ఎట్లుండాది సినిమా?"

"బాగుండాది పెద్దమ్మా."

"బాగుండాల్సింది బజ్జీ రా. సినిమా సంగతి చెప్పు. వాడు తమ్మున్ని ఇల్లు యెళ్ళగొట్టినాడే, న్యాయమేనా? నువ్వే ఆడుంటే ఏం చేస్తాంటివి?"

"నాకు తమ్ముడు లేడు పెద్దమ్మా."

"ఉంటే అని అడుగుతాండా. బుర్ర ఇంటికాడ పెట్టొచ్చినావా?"

"ఆకలైతాంది..."

"చెప్పి తిను."

ఏదో ఒకటి చెప్పాలి, ఎందుకో కూడా చెప్పాలి. అప్పుడే ప్లేటు. ఒకసారి కోస్తా వైపు నుంచి బదిలీ మీద వచ్చిన బ్యాంకు ఆయన నవ్వుతూ, "ఏముందమ్మా, టైంపాస్" అన్నాడు. ఆమె చేతులు ఆగాయి. "టైము పాస్ చేసేకి బస్టాండులో బెంచీ ఉండాది గదయ్యా. దుడ్లిచ్చి చీకట్లో కూచునేదెందుకు?" అంది. ఆయన ఎర్రబడ్డాడు. కానీ మరుసటి వారం వచ్చి, ఎవరూ అడగకముందే, హీరోయిన్ తండ్రిది తప్పని గట్టిగా వాదించాడు.

ఒక సినిమాలో హీరో కన్నతల్లిని అనుమానించాడని, ఆ పోస్టరు గోడ మీద ఉన్నన్నాళ్ళూ బండిని దానికి వీపు పెట్టి నిలిపింది. గిరాకీ పోతుందని నేనంటే, "వాని మొగం చూస్తే నూనె పొంగదు అన్నా" అంది.

ఒక ఏడు వాన లేదు. శెనక్కాయ చేలల్లోనే మాడింది. బోర్లు ఎండాయి. ఆమె ఉండే సందుకు నీళ్ళు ట్యాంకరు మీద వచ్చేవి. ఆ ట్యాంకరు బస్టాండు గేటు వసూళ్ళు వేలంలో పాడుకున్న కంట్రాక్టరుది. బస్టాండు చుట్టూ ఏ బండి ఎక్కడ నిలవాలో చెప్పేదీ అతనే. చూడ్డానికి మర్యాదస్తుడు. వరస కలిపి అందరినీ అత్తా, మామా అంటాడు. నీళ్ళు ఊరికే పోయించాడు, కాదనను.

అట్లాంటి రోజుల్లో ఒక తెల్లవారుజామున టాకీసు ముందు రోడ్డు మీద ఒక జీపు గొర్రెల మందలోకి దూసుకుపోయింది. గొర్రెలు చచ్చాయి. కాపరి కాలు నుజ్జయింది. జీపు ఆగి, మళ్ళీ పోయింది. ఆ వేళకు రోడ్డు మీద ఉన్నది బండి సర్దుకోవడానికి వచ్చిన ఆమె ఒక్కతే. జీపు కంట్రాక్టరుదని, తోలింది అతని బామ్మర్ది అని కాపరి చెప్పాడు. జీపు ఆ పొద్దు కదిరిలో ఉందని కంట్రాక్టరు మనుషులు చెప్పారు. పోలీసులు వచ్చి ఆమెను అడిగారు.

"నేను చూల్యాప్పా. పొయ్యి పొగలో ఏం కనపడుతాది?"

ఆమె పొయ్యి అంటించేది బాగా తెల్లవారాక అని బజారులో అందరికీ తెలుసు. ఎవరూ అనలేదు. మన సీమలో ఇంతేలే అని సర్దిచెప్పే పెద్దమనుషులు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. సీమ మీదికి తోసేస్తే తమ నోరు తెరవక్కర్లేదు గదా!

ఆ తర్వాత ఆమె అడగడం మానేసింది. కుర్రాళ్ళు ప్లేటు అడిగితే చేతికిచ్చేసేది. బాగుండాది అంటే ఊ అనేది. వాళ్ళు సంబరపడ్డారు. పక్కన కూర్చుని పంక్చర్లు వేసే నాకు మాత్రం ఆ బండి మూగదైపోయినట్టు ఉండేది.

ఆ ఎండల్లోనే అనంతపురం నుంచి కొందరు లెక్చరర్లు ఊరూరా మంచి సినిమాలు చూపిస్తామంటూ వచ్చారు. ఒక ఆదివారం పొద్దున మా టాకీసులో ఆట. టికెట్టు లేదు. పొలాల్లో పని లేదు గనక హాలు నిండింది. భాష ఎవరికీ రాదు. అందుకని ఒక లెక్చరరు తెర పక్కన మైకు పట్టుకుని కథ చెబుతూ వచ్చాడు.

యుద్ధంలో సగం కూలిపోయిన ఊరు. ఒకావిడ, బట్టలు ఉతికి బతికే మనిషి, కిటికీలోంచి చూస్తుంది. ఒకడు ఇంకొకణ్ణి కాలవలోకి తోసేస్తాడు. తోసినవాడు ఎవరో కాదు, చలికాలంలో ఆ వీధి మొత్తానికి పొయ్యి బొగ్గు పంచే మనిషి. ఎవరో చూశారని వాడికి తెలుసు, ఎవరో తెలియదు. ఇంటింటికీ బొగ్గు సంచితో వస్తాడు, నవ్వుతూ మాట్లాడతాడు, కళ్ళలోకి చూస్తాడు. హాలులో పిల్లలు కూడా ఊపిరి బిగబట్టారు. వాడు ఆవిడ గుమ్మంలో నిలబడినప్పుడు మైకులో వివరం వస్తుంటే, ఆడవాళ్ళ పక్క నుంచి మా బజ్జీలామె గొంతు లేచింది.

"నువ్వు కాసేపు ఊరకుండు నాయనా. ఆయమ్మ మొగం చూడనీ."

ఆ లెక్చరరు మంచివాడు. నవ్వి మైకు కట్టేశాడు.

చివరికి ఆవిడ పోలీసు ఠాణాకు పోతుంది. అధికారి ఎదురుగా కూర్చుని అడుగుతాడు. ఆవిడ ముఖం తెర నిండా వస్తుంది. పెదవులు కదలబోతాయి. అంతే, అయిపోయింది. లైట్లు వెలిగాయి.

హాలు గొల్లుమంది. "రీలు మింగినాడ్రా!" అని అరుపులు. మా టాకీసులో అది మామూలే. బస్సు అందుకోవాలని ఆపరేటరు రెండో ఆటలో ఒక రీలు ఎగరగొట్టేవాడు. పెళ్ళి చూడకుండానే హీరోయిన్ చంకలో బిడ్డను చూసిన జనం మేము. అందుకని ఈ సినిమాకు ఇంకో రీలు ఉందని ఒక్కరికీ అనుమానం లేదు. ఆపరేటరు బయటికొచ్చి బిడ్డల మీద ఒట్టు వేశాడు. లెక్చరరు, సినిమా ఇంతేనని మొత్తుకున్నాడు. ఎవరూ నమ్మలేదు.

జనమంతా బండి దగ్గరికి చేరారు. లెక్చరరును కూడా లాక్కొచ్చారు. ఆమె నూనె పెట్టి, తల ఎత్తకుండా మిరపకాయలు చీలుస్తోంది.

"చెప్పుంటాది లేప్పా," అన్నాడు ఒక లారీ డ్రైవరు. "చెప్పకపోతే ఠాణాదాకా యెందుకొస్తాది?"

"చెప్పదు," అంది ఓబులమ్మ. బజ్జీలామె సందులోనే ఎదురింటి మనిషి, నోటికి జడిసేది కాదు. "చెప్తే చలికి బొగ్గు యెవరిస్తారు? నువ్విస్తావా, లారీలో తెచ్చి?"

"అంత బొగ్గు యావ ఉంటే ఇంట్లోనే ఉండాల్సింది!"

"ఉండేదే. మొగోళ్ళు తీసిన సినిమా గదా, పంపించినారు."

నవ్వులు. అదే సమయంలో కాపరి పెళ్ళాం బొరుగుల కోసం వచ్చింది. మొగుణ్ణి ఆసుపత్రి నుంచి తెచ్చి ఇంట్లో పడుకోబెట్టుకుంది. ఈ గోల కాసేపు విని, లెక్చరరు వైపు తిరిగింది.

"అయ్యా, కాలవలో పడినోనికి పెండ్లాముండాదా?"

"సినిమాలో చూపించలేదమ్మా."

"ఆయమ్మ ఏమైందో గూడా చూపించల్యా?"

"లేదమ్మా."

"ఊ," అంది. పొట్లం తీసుకుని వెళ్ళిపోయింది.

బాణలిలో బజ్జీలు నల్లబడిపోయాయి. ఆమె వాటిని తీయలేదు. నేనే లేచి పొయ్యి మంట తగ్గించాను.

కొన్నాళ్ళకు ఆమె బండి మూసి నా షాపు ముందుకొచ్చి, "అన్నా, అనంతపురం పోదాం పా. ఆ రీలు చూడాల" అంది. లేదంటే వినే రకం కాదు. పోయాము. లెక్చరరు ఇంట్లో డబ్బాలు సర్ది ఉన్నాయి, తిరిగి పంపేయడానికి. "కదిరిలో కూడా చూపించాము. అక్కడా జనం రీలు అడిగారు" అని నవ్వాడు. ఆఖరి డబ్బా మూత తీసి, ఫిల్ము కొస కిటికీ వెలుతురుకు పెట్టి ఆమె చేతికిచ్చాడు. ఆమె చేతులు కొంగుకు శుభ్రంగా తుడుచుకుని పట్టుకుంది. వరసగా ఆవిడ ముఖమే, చిన్న చిన్న గళ్ళలో. తర్వాత ఏవో అక్షరాలు. తర్వాత ఖాళీ.

"ఇన్ని మొగాలుండాయి. ఒగ దాంట్లో గూడా నోరు తెరవల్యా," అంది.

"అంతేనమ్మా. తీసినాయన అంతవరకే తీశాడు."

"భయపడినాడా?"

"భయం కాదమ్మా. చూసేవాళ్ళకు వదిలాడు."

ఆమె ఫిల్మును జాగ్రత్తగా తిరిగి ఇచ్చింది. "చూసేటోళ్ళకు వదిలితే చూసేటోళ్ళు బజ్జీ తిని ఇంటికి పోతారు సారూ. నేను దినామూ చూస్తాండా గదా" అంది.

లెక్చరరు లోపలికి పోయి ఆమెకు తనే నీళ్ళు తెచ్చిచ్చాడు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, బయట ఎండిన చేలు చూస్తూ చాలాదూరం వచ్చింది. ఉన్నట్టుండి, "అన్నా, ఆ పొద్దు నేను పొయ్యే అంటించల్యా" అంది.

"తెలుసమ్మా."

"అందరికీ తెలుసునా?"

"అందరికీ."

"మరి యెవురూ అనకపోతిరే!"

నేను చేతిలో ఉన్న బస్సు టికెట్టును మడతల మీద మడతలు పెట్టాను.

మర్నాడు ట్యాంకరు దగ్గర బిందెల వరసలోనే చెప్పేసింది, కోర్టులో సాక్ష్యం చెబుతానని. సందు సందంతా ఆమె మీదికి లేచింది. ఓబులమ్మ బిందె కింద పెట్టి మరీ అందుకుంది: "సినిమా పిచ్చి నెత్తికెక్కినాది మే నీకు! నువ్వు చెప్పేసి సత్తెవంతురాలు అయితావు. నా బిడ్డలకు నీళ్ళు యాడ తేవాల? నీ బాణలిలో నూనె తాగాల్నా?" ఆమె ఎదురు చెప్పలేదు. అందరికీ ఎదురు చెప్పే మనిషి తల వంచుకుని బిందె నింపుకుంది. ఓబులమ్మ మాటలో అబద్ధం లేదు గదా. ఆమె భయమంతా ఆ మాటలోనే ఉంది.

కంట్రాక్టరు కూడా బండి దగ్గరికి వచ్చాడు. ఉగ్గాని తిన్నాడు, చాలా రుచిగా ఉందన్నాడు. "ఎండలు ముదురుతాండాయి అత్తా. మా ట్యాంకరు డ్రైవరు ఊరికి పోతానంటాండాడు. వాన్ని ఎట్లన్నా ఆపాల" అని చేతులు కడుక్కున్నాడు. ఆమె ప్లేటు కడుగుతూ, "నీ బామ్మర్దికి ట్యాంకరు తోలేకి వస్తాదేమో అడగు నాయనా, జీపు బాగా తోలుతాడు" అంది. అతను నవ్వు ఆపడం నేను మొదటిసారి చూశాను.

వాయిదా రోజు గుత్తి కోర్టుకు ఆమెతో నేనూ పోయాను. బోనులో నిలబడ్డప్పుడు చేతుల్లో ఏమీ లేకపోవడం వల్ల ఏం చేయాలో తోచక ఒక చేత్తో ఇంకో చెయ్యి పట్టుకుంది. వాళ్ళ వకీలు గట్టివాడు.

"పొగలో ఏమీ చూడలేదని అప్పుడు చెప్పావు. ఇప్పుడు చూశానంటున్నావు. రెంటిలో ఏది అబద్ధం?"

"మొదటిది సామీ."

హాలులో కదలిక. ఆమె భుజం పైకెత్తి నుదురు తుడుచుకుంది.

"నీళ్ళ ట్యాంకరు కోసరం అబద్ధం చెప్పినా. దానికేమి శిక్షో రాసుకోండి, పడతా. జీపు మటుకు నేను చూసినా. తోలినోడు, కంట్రాక్టరు బామ్మర్ది, దిగినాడు. చక్రం కింద ఒగ గొర్రె అడ్డముంటే కాళ్ళు పట్టి పక్కకు లాగినాడు. మనిషి ఆ పక్కనే పడి నాయనా నాయనా అని మొత్తుకుంటాంటే, వాన్ని లాగల్యా. గొర్రెను లాగినాడు, మనిషిని లాగల్యా. అంతే సామీ నేను చూసింది."

వకీలు ఇంకా ఏవేవో అడిగాడు. వాటిని ఎవరూ వినలేదు. తీర్పు తర్వాత చాలా నాళ్ళకు వచ్చింది, కాపరి వైపే వచ్చింది. ఆ రోజు మాత్రం ఏదీ తేలలేదు. ఆమె బయటికొచ్చి మెట్ల మీద కూలబడింది. కాపరి పెళ్ళాం దూరంగా నిలబడి ఉంది. దగ్గరికొచ్చి ఆమె చెప్పులు వెతికి తెచ్చి కాళ్ళ దగ్గర పెట్టింది.

బస్సు దిగేసరికి సాయంత్రం. మాకంటే ముందే ఫోనులో కబురు ఊరు చేరింది. ఆమె బండిని టాకీసు ముందు నుంచి లాగి మురుగు కాలవ పక్కన వదిలేశారు. దాన్ని ఒక చూపు చూసి, "అది రేపు చూద్దాం అన్నా" అని ఇంటివైపు నడిచింది. ఒక్కదాన్నే పంపడం ఇష్టం లేక వెంట నడిచాను. సందు మొదట్లో ట్యాంకరు వెనక్కి తిరిగిన చక్రాల జాడలు. సందులో అలికిడి లేదు. తలుపులు వేసి ఉన్నాయి. అరుగు మీద ఒక ముసలాయన, "అందరూ ఏట్లోకి పోయినారు. ట్యాంకరు రాల్యా" అన్నాడు, ఆమె వైపు చూడకుండా.

ఆమె ఇంట్లోకి పోలేదు. నేరుగా పెన్న గట్టు మీదికి పోయింది. కింద ఏరంతా ఇసుక. అక్కడక్కడా చెలమలు తవ్వుతున్నారు, సందులో ఆడవాళ్ళందరూ. ఒక్కో చెలమ చుట్టూ బిందెలు. నడుము లోతు గుంతలో ఓబులమ్మ కొబ్బరిచిప్పతో ఇసుక తోడి పోస్తోంది. మమ్మల్ని చూసి ఒక్కొక్కరే పని ఆపారు. ఆమె గట్టు దిగి, వాళ్ళకు కాస్త ఎడంగా నిలబడిపోయింది. తిట్లకు తయారై వచ్చిన మనిషి అని నిలబడ్డ తీరులోనే తెలుస్తోంది.

ఓబులమ్మ గుంతలోంచే తలెత్తింది.

"చెప్పినావా?"

"చెప్పినా."

"అంతా చెప్పినావా, ఏమన్నా మిగిల్చుకున్యావా?"

"అంతా చెప్పినా."

ఓబులమ్మ చిప్పలోకి చూసింది. ఇసుక తడిగా, నల్లగా వచ్చింది. దాన్ని గట్టు మీద కొట్టి విదిల్చింది.

"మరి ఒట్టి చేతులతో వస్తివేమి మే? ఊట పడినాది. పో, బిందె తెచ్చుకోపో. నా ఎనక నీదే."

కొంగు నడుముకు చెక్కుకుని, ఇసుకలో కాళ్ళు దిగబడుతుంటే పీక్కుంటూ, ఆ పొట్టి మనిషి ఇంటివైపు పరుగెత్తింది.